ఆటలమ్మ పోసింది నాకా, అన్నయ్యకా?

యుగాండాలో ఒక చక్కెర మిల్లు ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది. బయలుదేరడానికి రెండు నెలలే ఉన్నాయి. ఏ టీకాలు వేయించుకోవాలో తెలియక వారం రోజులుగా కుదురు లేదు. ఈ రోజు అమ్మను తీసుకుని తణుకులో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఎల్లో ఫీవర్ టీకా తప్పదన్నారు. తర్వాత, "చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందామ్మా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఆటలమ్మ పోసిందండి. తొమ్మిది రోజులు వేపాకు మీద పడుకోబెట్టాను. అమ్మవారు వచ్చి వెళ్లాక మళ్లీ సూదేంటండి?"

నాకేమీ గుర్తులేదు. కూర్చోలేక వరండాలోకి వచ్చి తునిలో ఉన్న అన్నయ్యకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. "పోసింది నాకే. నిన్ను పిన్ని వాళ్లింటికి పంపేశారు కదా" అన్నాడు.

వెనకాలే వచ్చిన అమ్మ అది విని, నా ముఖం వెలుతురుకి తిప్పి, కనుబొమ్మ మీది మచ్చ తడిమింది. "మరి ఇదేంటి?"

అది సైకిల్ మీంచి పడ్డప్పటి మచ్చ. ఆ రోజు కుట్లు వేయించింది కూడా అమ్మే.

ఫోన్ అమ్మ చేతికిచ్చాను. తను అన్నయ్యతో వాదిస్తుండగా లోపలికి వెళ్లి చికెన్‌పాక్స్ టీకా వేయించుకున్నాను.

"ఏం సూది వేశారు?" అని అమ్మ ఆటోలో అడిగింది.

"టైఫాయిడ్‌ది" అన్నాను.

"ఆటలమ్మకి సూది అక్కర్లేదని నేను చెప్పాను కదా" అంది తృప్తిగా.

భుజం కన్నా ఆ మాటే ఎక్కువ సలుపుతోంది. మీ ఇంట్లో ఆటలమ్మ ఎవరికి పోసిందో మీ అమ్మగారికి సరిగ్గా గుర్తుందా?