వానలో వెనక్కి నడిచిన కారు

మా పక్కింటి మావయ్యగారు పోయిన నెల, ముసురు పట్టిన ఒక ఉదయం, పడకకుర్చీలో కాఫీ తాగుతూ పోయారు. కబురు తెలియగానే గుడివాడ బజారులో వినిపించిన మొదటి మాట, "అదేవిటి, కార్లో కాదా?" అని. అంత వేగంగా పోయే కారున్న మనిషి అంత నెమ్మదిగా పోవడం మా ఊరివాళ్లకి కొరుకుడు పడలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ కారు వేగం తెలిసినవాళ్లు ఊరంతా ఉన్నారు గాని, ఆయన దాన్ని ఎలా నడిపేవారో తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా ప్రహరీగోడ అవతలి ఇల్లు, అంతే. పొలాలూ, చిన్న రైసుమిల్లూ ఉన్న రైతు. మద్రాసులో ఒక దొర సీమకి వెళ్లిపోతూ అమ్మిన రేసుకారుని ముచ్చటపడి కొనుక్కొచ్చారు. గుడ్డ టాపు, ఇద్దరికే చోటు, కూర్చుంటే రోడ్డు చేతికి అందుతుందేమో అనిపించేది. మా నాన్న దాని చుట్టూ తిరిగి చూసి, "బావగారూ, దీన్ని ఎక్కాలా, తొడుక్కోవాలా?" అన్నారట.

ఎండాకాలంలో బందరు రోడ్డు మీద ఆయన దాన్ని పరిగెత్తిస్తే లారీవాళ్లు నోరు తెరుచుకుని చూసేవారు. చినుకు పడిందా, మనిషే మారిపోయేవారు. "ఎండలో కారు మనది, వానలో రోడ్డుది" అనేవారు. రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట కారు ఆపి, పంచె ఎగగట్టి, ముందు తాను నడిచి లోతు చూసి వచ్చేవారు. అంత ఖరీదైన కారు ముందు మోకాళ్లలోతు నీళ్లలో తడుముకుంటూ నడిచే ఆసామిని చూసి బస్సులోవాళ్లు నవ్వుకునేవారు.

నాన్నకి చూపు మందగించి మా పాత కారు షెడ్డుకే పరిమితమైనప్పుడు, నాకు నేర్పుతానని ఆయనే ముందుకొచ్చారు. ఆడపిల్లకి కారేమిటని మా నాయనమ్మ సాధించింది. "కాలేజీలో అంతమందికి పాఠాలు చెప్పే పిల్ల, నాలుగు చక్రాలకి చెప్పుకోలేదాండీ?" అని ఆవిడ నోరు మూయించారు. మా కారు మీద నాలుగు రోజులు తిప్పించి, తన కారు తాళం చేతిలో పెట్టారు, అదీ వాన పడేదాకా ఆగి.

"జోరువానకి భయపడకమ్మా, తొలి చినుక్కి భయపడు. రోడ్డు మీద దుమ్మూ నూనే పేడా కలిసి కుంకుడురసమైపోతాయి. జోరుగా కురిస్తే అదంతా కడుక్కుపోతుంది."

మలుపులో నేను యాక్సిలేటరు తొక్కితే ఒకసారి కారు తోక జాడించింది. నా కాలు బ్రేకు మీదికి ఉరికింది. ఆయన అరవలేదు. "ఆ కాలుంది చూశావూ, దాన్ని ఆపుకోవడమే డ్రైవింగు. దీని బలమంతా వెనక చక్రాల్లో ఉంది. వానలో దానికి బలం గుర్తుచెయ్యకూడదు" అన్నారు. ఇప్పటికీ వానలో మలుపు వస్తే నా కాలు దానంతటదే తేలికవుతుంది. అలాంటి గురువు నాకు మళ్లీ దొరకరు.

మా వైపు కాలవగట్ల మీద ఒక మర్యాద ఉంది. ఎదురుగా బరువుబండి వస్తే కారువాడే అంచుకి దిగి దారివ్వాలి. కాడి కింద ఉన్న ఎడ్లు వెనక్కి నడవవు కదా! వేసవిలో ఆ అంచు రాయిలా ఉంటుంది. వాన పడితే అదే నల్లమట్టి, చక్రం దిగితే కారు కాలవలోకే. అందుకని మావయ్యగారు వానలో అంచుకి దిగేవారు కాదు. గట్టు వెడల్పుగా ఉండే కల్వర్టు దాకా, ఎంత దూరమైనా సరే, వెనక్కి పోనిచ్చేవారు. ఎడ్లబండి ముందు రేసుకారు వెనక్కి నడుస్తుంటే చూసినవాళ్లకి పండగే. ఆయనా నవ్వేవారు.

ఆ నవ్వు ఒక తుపానుతో పోయింది. నేను కారు నేర్చుకోవడానికి ముందు మాట ఇది. చాలా ఏళ్లకి నిలిచిన కడుపు అత్తయ్యగారిది. పామిడిముక్కల వైపు పుట్టింట్లో పురుడు. కాన్పు అడ్డం తిరిగి మంత్రసాని చేతులెత్తేస్తే, ఆయన ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టుకుని బందరు ఆసుపత్రికి బయల్దేరారు. కాలవగట్టు మీద, కోసిన వరి తడిసిపోతోందని పనలు వేసుకుని ఇళ్లకి తిరిగివస్తున్న బళ్లు వరసగా ఎదురయ్యాయి. ఆయన కల్వర్టు దాకా వెనక్కి వెళ్లి, బళ్లన్నీ దాటాక కదిలారు. అత్తయ్యగారు బతికారు. బిడ్డ దక్కలేదు.

చూసిన బళ్లవాళ్లు చెప్పారు, విన్నవాళ్లు తీర్పిచ్చారు. కాస్త అంచుకి దిగుంటే బిడ్డ దక్కేవాడని. "కన్నబిడ్డకంటే కారెక్కువైంది వీడికి" అని చివరిదాకా అంటూనే ఆయన తల్లి కన్నుమూసింది. ఆయన నోరు విప్పలేదు. అత్తయ్యగారు మళ్లీ ఆ కారెక్కలేదు. ఒకే పెళ్లికి ఆవిడ బస్సులో, ఆయన కారులో వెళ్లడం మేమంతా చూసినదే. ఆవిడ ఆయన్ని క్షమించలేదనే అనుకున్నాం.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు అంచుకి దిగుంటే ఏమయ్యేది మావయ్యగారూ?"

"దిగుంటే నీకు అత్తయ్య కూడా ఉండేది కాదమ్మా. గేరు మార్చు, మలుపొస్తోంది."

పెద్దకర్మ అయ్యాక అత్తయ్యగారిని పుట్టింటికి నిద్రకి తీసుకెళ్లడానికి ఆవిడ తమ్ముడు వచ్చాడు. బయట వాన. "నువ్వు బస్సులో రా తమ్ముడూ. అమ్మాయి నన్ను కారులో దింపుతుంది" అన్నారావిడ. ఆయన కారులో. నేను తాళం తీసుకున్నాను.

కాలవగట్టెక్కాక ఎదురుగా పనల బండి వచ్చింది. నేను వెనక్కి పోనిస్తుంటే ఆవిడ సీట్లోంచి వెనక్కి తిరిగి, "ఇంకా రానీ... ఇటు... చాలు" అని దారి చెప్పారు. కల్వర్టు దగ్గర ఆగాం. బండితోలే పెద్దాయన కారుని గుర్తుపట్టి, ఎడ్లని ఆపాడు.

"ఆ అయ్యగారి కారు కదమ్మా ఇది? కొడుకు పోతున్నా అంచుకి దిగలేదంట గదా ఆయన?"

నేను ఏదో అనబోయేలోపు ఆవిడ తలుపు తీసుకుని వానలోకి దిగారు.

"దిగబోయారు నాయనా. నా అరుపులు వినలేక అంచుకే తిప్పారు. నేనే స్టీరింగు పట్టుకు లాగాను. మీరే కదా వద్దంటారు, వెనక్కి పోనివ్వండి అన్నాను."

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యగారూ?" అన్నాను.

"మా అత్తగారు నన్ను బతకనివ్వరని, నింద తనమీదే ఉండనిమ్మన్నారు ఆయన. ఆవిడ పోయాక నేనే చెప్పాల్సింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. ఏ మొహం పెట్టుకుని ఆయన పక్కన కూర్చోను?" నా వైపు తిరిగి, "నువ్వు రాయమ్మా. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు" అన్నారు.

అందుకే రాశాను. ఆయన ఉండగా రాయవలసిన మాట ఇది.

పెద్దాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎడ్లని అదిలించలేదు, దిగి పగ్గం పట్టుకుని నడిపించుకుపోయాడు. ఆ బండి కనుమరుగయ్యేదాకా ఆవిడ కొంగు కప్పుకోకుండా వానలోనే నిలబడ్డారు.