కలం ఎత్తితేనే మాట

2006 జూన్‌లో గద్వాల నుండి బదిలీపై వచ్చి, వనపర్తిలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆంగ్ల ఉపన్యాసకునిగా చేరాను. ఆ విద్యాసంవత్సరంలో నాకు జరిగిన అన్యాయాలను నా దినచర్య పుస్తకం నుండి తేదీవారీగా ముందు నమోదు చేస్తున్నాను.

2006 జూలై 15: నాకు కేటాయించిన గదిలో, నాకు మాటమాత్రం చెప్పకుండా, ఆటల సామాను పెట్టెలు పెట్టించారు.

2006 సెప్టెంబరు 9: తరగతి జరుగుతుండగా మూడు సెల్‌ఫోన్లు మోగాయి. అందులో ఒకటి తనిఖీకి వచ్చి వెనుక బల్లపై కూర్చున్న ప్రిన్సిపాల్ గారిది.

2006 నవంబరు 18: ఒక సహోద్యోగి స్టాఫ్‌రూములో నలుగురి ముందు నా తరగతిని భజన మండలి అన్నారు.

2007 ఫిబ్రవరి 10: నాగర్‌కర్నూల్‌లో జరిగిన ఉద్యోగ ఎంపికల్లో నా విద్యార్థిని నస్రీన్ బేగం పేరుకు ఎదురుగా ‘మాట్లాడలేదు’ అని రాసి తిరస్కరించారు.

2007 ఫిబ్రవరి 14, మార్చి 1: పై విషయమై ఆ ఎంపికలు జరిపిన కంపెనీకి నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు.

మొదటి మూడింటినీ ఎప్పుడో మన్నించాను. తక్కిన రెండింటి గురించే ఈ వ్యాసం.

ఆ రోజుల్లో హైదరాబాదు కంపెనీలు మా ప్రాంతపు కళాశాలలకు వచ్చి డిగ్రీ చివరి సంవత్సరం వారిని ఎంపిక చేసుకోవడం కొత్తగా మొదలైంది. ఎంపికలో తొలి మెట్టు బృంద చర్చ. ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక విషయమిచ్చి, పావుగంట ఆంగ్లంలో చర్చించమంటారు. అధికారులు పక్కన కూర్చుని మార్కులు వేస్తారు. దానికి విద్యార్థులను సిద్ధం చేయమని ప్రిన్సిపాల్ గారు లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం ఒక పీరియడు కేటాయించారు.

నేనొక పద్ధతి ఏర్పరిచాను. ప్రతి శనివారం కొత్తగా వచ్చిన ఒక పోకడ చర్చకు విషయం. సెల్‌ఫోను, కాల్‌సెంటరు, ఇంటర్‌నెట్ కేంద్రం, రెడీమేడ్ దుస్తులు, ఇలా. ఆ వారం ఆంగ్ల పత్రికలో ఆ పోకడపై వచ్చిన వార్తల నుండి పది కఠినమైన మాటలు బోర్డుపై రాసేవాణ్ని. ప్రతి మాటనూ విద్యార్థి తన ఇంట్లోనో ఊళ్లోనో నిజంగా జరిగిన సంగతికి తగిలించి వాక్యం చెప్పాలి. చెప్పిన వాక్యాన్ని ఒక లేఖకుడు రిజిస్టరులో తేదీ, పదం, పేరు వరుసగా నమోదు చేయాలి. రాయడం పూర్తయ్యాక కలం పైకెత్తాలి. కలం లేచేదాకా మరొకరు నోరు విప్పరాదు. చెప్పిన ప్రతి మాటా కాగితం మీదికి రావాలన్నది నా ఉద్దేశం. భజన మండలి అన్న సహోద్యోగికి ఈ ఉద్దేశం అర్థం కాలేదు.

పెద్దమందడి నుండి వచ్చే శేఖర్ అనే విద్యార్థి తరగతికి ప్రాణం. వాళ్ల నాన్న వేరుశనగ రైతు. యుబిక్విటస్, అంటే ఎక్కడ చూసినా ఉండేది, అన్న మాట బోర్డుపై రాసిన రోజు అతనే ముందు లేచాడు.

“సార్, మా ఊర్ల మిస్డ్ కాలే యుబిక్విటస్. కరెంటొచ్చిందంటే మా నాయినకు ఒక మిస్డ్ కాల్. మోటరు కాలిందంటే రెండు. సంగటి తయారైందంటే మూడు.”

“మూడోదానికి మాత్రం మీ నాయిన ఉరుక్కుంట వస్తడు కదా?” అని వెనుక బల్ల నుండి ఎవరో అన్నారు.

“రెండోదానికి ఉరుకుతడు. మూడోదానికి నేనురుకుత.”

దీన్ని ఆంగ్లంలో చెప్పించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. రిజిస్టరులో మాత్రం రెండే వరుసలు.

ఆ వరుసలు రాసింది నస్రీన్. ఆమెది పాన్‌గల్. తండ్రి ఖాజా మియాకు అక్కడ దర్జీ దుకాణం. ఆమె దస్తూరీ అచ్చు వేసినట్టుండేది. తొలి శనివారం ఆ దస్తూరీ చూసి ఆమెను లేఖకురాలిగా నియమించాను. మళ్లీ మార్చవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఎంపికలు దగ్గరపడ్డాక ఒకరోజు ఆమె తన పరిస్థితి చెప్పింది. హైదరాబాదులో పిన్ని ఉంది, ఉండడానికి చోటుంది. అయితే చేతిలో ఉద్యోగం కాగితం ఉంటేనే పంపుతానని తండ్రి షరతు పెట్టాడు. ఏప్రిల్‌తో కళాశాల ముగుస్తుంది. కాగితం రాకపోతే దుకాణంలో కాజాలు కుట్టడమే. “కాజాలు కుట్టుడు తప్పు పని కాదు సార్. గని నాకు గా పని వద్దు,” అంది.

నాగర్‌కర్నూల్‌కు ఆరుగురిని తీసుకువెళ్లాను. పేర్లను కళాశాలల వారీగా పిలవడంతో మా ఆరుగురూ ఒకే బృందంలో పడ్డారు. మిగిలిన ఇద్దరు వేరే కళాశాల వారు. మమ్మల్ని, అంటే వెంట వచ్చిన ఉపన్యాసకులను, వరండాలో కూర్చోబెట్టారు. గంట తరువాత జాబితా నా చేతికిచ్చారు. మా వారిలో నలుగురు తరువాతి మెట్టుకు ఎంపికయ్యారు. నస్రీన్ పేరుకు ఎదురుగా పైన చెప్పిన ఒక్క మాట ఉంది.

లోపల జరిగినదాన్ని తిరుగు ప్రయాణంలో బస్సులో శేఖర్ చెప్పాడు.

“తప్పు మాదే సార్. గా ఇద్దరు ఆపకుంట మాట్లాడ్తుండ్రు. మాకు ఎప్పుడు మొదలు పెట్టాల్నో తెల్వలే. ఎవరన్న రాస్తుండ్రేమో, కలం లేస్తదేమో అని ఆరుగురం సూసుకుంట కూసున్నం. ఐదు నిమిషాలు గట్లనే పోయినయ్. జర సేపైనంక నస్రీన్ వాళ్లిచ్చిన కాగితం మీద రాసుడు షురూ చేసింది. రాసి, నా దిక్కు సూసి కలం ఎత్తింది. గప్పుడు లేసింది సార్ నా నోరు. నాయెనక ఇంకొకరికి ఎత్తింది. గట్ల ఐదుగురం మాట్లాడినం. ఆఖరుకు టైమైపోయింది.”

“ఊకో శేఖర్. నువ్వు పాసైనందుకు సంబురపడక, నా కలం ముచ్చట ఎందుకు?” అని ముందు సీటు నుండి నస్రీన్ అంది.

కంపెనీకి మొదటి ఉత్తరం ఆ వారమే రాశాను. ఎవరి తరువాత ఎవరు మాట్లాడాలో క్రమం నిర్ణయించకుండా చర్చ నడపడం ఏ విధానమని అడిగాను. జవాబు రాకపోవడంతో రెండో ఉత్తరానికి సాక్ష్యం జతచేయదలిచాను. నస్రీన్ ఏడాదంతా తరగతిలో చెప్పిన వాక్యాలను రిజిస్టరు నుండి నకలు తీద్దామని కూర్చున్నాను. మొదటి పుట నుండి చివరి పుట దాకా రెండుసార్లు తిప్పాను. ప్రతి పుట అడుగునా లేఖకురాలిగా ఆమె సంతకం ఉంది. చెప్పిన వారి గడిలో ఆమె పేరు ఒక్కచోట కూడా లేదు. శనివారాలన్నీ ఆమె ఎదుట నిలబడి ఆమె దస్తూరీని మెచ్చుకున్నవాణ్ని నేనే. ఒక్కసారైనా “నీ వాక్యమేది?” అని అడగనివాణ్నీ నేనే.

రెండో ఉత్తరం జతపత్రాలు లేకుండానే వెళ్లింది. కాబట్టి జవాబివ్వకపోవడంలో కంపెనీ వారి దోషమెంతో నేనిప్పటికీ పూర్తిగా తేల్చలేదు.

ఆ మార్చిలో తొలి శనివారం రిజిస్టరు నా ముందుకు జరుపుకుని, ఇకపై రాసేది నేనని ప్రకటించాను. నస్రీన్ ఒప్పుకోలేదు. “నేనే రాస్త సార్, అలవాటైంది,” అంది. అందుకే చెప్పమంటున్నానన్నాను. బోర్డుపై టాసిట్ అన్న మాట ఉంది. నోటితో చెప్పుకోకుండానే ఇద్దరి మధ్య కుదిరినది అని దాని అర్థం. ఆమె లేచి ఆంగ్లంలోనే మొదలుపెట్టింది. తండ్రి దుకాణానికి బట్టలిచ్చినవారు మిస్డ్ కాల్ ఇస్తారు. తండ్రి తిరిగి మిస్డ్ కాల్ ఇస్తే బట్టలు సిద్ధమని, ఇవ్వకపోతే ఇంకా కత్తెర పెట్టలేదని లెక్క. పాన్‌గల్‌లో ఈ ఒప్పందాన్ని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు. అక్కడితో ఆగకుండా రెడీమేడ్ దుకాణాల మీదికి, అక్కడి నుండి వాటిలో కొన్న మా శేఖర్ చొక్కా మీదికి వెళ్లింది. శేఖర్ అడ్డుపడ్డాడు. ఆమె అతన్ని వాక్యం పూర్తి చేయనివ్వలేదు. నా చేయి వెనుకబడింది. ఆగండి, ఇంకా రాయలేదు అనబోయి మానుకున్నాను. ఆ పుటలో సగం సగం వాక్యాలున్నాయి. రిజిస్టరు మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదివే పుట అదే.

ఏప్రిల్‌లో గద్వాలలో మరో కంపెనీ ఎంపికలు జరిగాయి. ఈసారి ఆమె మాట్లాడింది, ఎంపికైంది. ఉద్యోగం కాగితం వచ్చిన మరునాడు ఖాజా మియా కూతురిని వెంటబెట్టుకుని కళాశాలకు వచ్చాడు. ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. తరువాత నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగాడు.

“సార్, ఒక్క మాట. నా బిడ్డ మీ తాన ఏడాది దాక నోరు తెరువలేదంట, నిజమేనా? ఇంట్ల ఈమె మాట్లాడ్తుంటే మా అందరికి పరేషాన్. ఏం మంత్రం ఏసిన్రు సార్? జర మాక్కూడ చెప్పరాదుండ్రి.”

“అబ్బా, చల్ ఇగ పోదాం,” అని కూతురు అతని మోచేయి పట్టి లాగింది.

ఉద్యోగ జీవితంలో నేను ఎన్నో రిజిస్టర్లు నడిపాను. జరిగినదంతా రిజిస్టరులో ఉంటుందని నమ్మాను. చెప్పే అవకాశం ఎవరికి రాలేదో దానిలో ఉండదు. అది చూడడానికి పేర్ల పట్టిక పక్కన పెట్టుకుని గడులను వెతకాలి. ఆ తరువాత పదవీ విరమణ దాకా నా ప్రతి తరగతిలో లేఖకులు వారం వారం మారారు, ఏడాది చివరి వారం నేను రాశాను.

ఇక ఒక విషయం తేలకుండా మిగిలింది. నాగర్‌కర్నూల్ గదిలో మీరు అయిదు పర్యాయాలు కలం ఎత్తినది అలవాటు చేతనా, లేక సమయం మించిపోతున్నదని, మీ వంతు రాదని తెలిసేనా అని నస్రీన్ బేగం గారిని 2007లో మౌఖికంగా రెండుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వారు. రెండోసారి నా ఆరోగ్యం గురించి అడిగారు. వీటిని జవాబుగా స్వీకరించలేను. ఈ వ్యాసం ప్రతిని వారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అందిన ముప్పై రోజుల్లోగా, స్వదస్తూరీతో, సంతకం, తేదీలతో లిఖితపూర్వకంగా సమాధానమివ్వవలసిందిగా ఇందుమూలంగా కోరుతున్నాను.