తొంభై తొమ్మిది దగ్గర ఆగిన విగ్రహాలు

గుంటూరులో రైలెక్కాను. "నంద్యాల సర్వర్ ఈసారీ బాగుపడకపోతే ఆ కాంట్రాక్టు పోతుంది, దాంతోపాటు నీ ఉద్యోగమూ" అని చెప్పి పంపాడు మా మేనేజరు. ఎవరు ఏ పని ఎంతవరకు చేశారో చూపే సాఫ్ట్‌వేర్ మాది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కించే ఒక యజమాని దాన్ని తన నంద్యాల ఆఫీసులో పెట్టుకున్నాడు. ఒక విగ్రహం పూర్తయిందని నమోదు కాగానే, చెక్కేవాళ్లను అది తర్వాతి రాయికి పంపాలి. రెండు వారాలుగా ఎవర్నీ పంపడం లేదట. ఆ పంపే భాగం రాసింది నేనే.

గిద్దలూరు దాటాక నల్లమల అడవి. సిగ్నల్ పోయింది. మేనేజరు ఫోన్ చేస్తాడేమోనని ఫోన్‌ను కిటికీ ఊచలకు ఆనించి పట్టుకున్నాను. ఎదురుగా మహానందికి పోతున్న పెద్దావిడ నవ్వింది. "ఏందమ్మా, దాన్ని అట్ల ఎండబెడతాండావ్? సొరంగం దాటితే అదే వస్తాది. కూసో."

నంద్యాలలో దిగేసరికి ఒంటిగంట. స్టేషన్ బయట భోజనం వంద రూపాయలు. పప్పు బాగుంది గానీ సగంలోనే లేచాను. సాయంత్రం దాకా సర్వర్‌ను గాలించాను. ఎక్కడా ఏ లోపమూ నమోదు కాలేదు, మధ్యలో ఇరుక్కున్న పని ఒక్కటీ లేదు. తప్పు దొరికితే తిట్లు తిని దిద్దుకోవచ్చు, దొరకని తప్పును ఏం చేసుకోను! తెర మీద మాత్రం విగ్రహాలన్నీ తొంభై తొమ్మిది శాతం దగ్గర నిలబడిపోయి ఉన్నాయి. యజమాని నా వెనకే కుర్చీ వేసుకున్నాడు. "రేపు మాపటికి కాకుంటే మీ మిషన్ మీరే ఎత్తుకపోండమ్మా" అన్నాడు.

బస్టాండు దగ్గర లాడ్జి ఏడు వందలు, దోమలు ఉచితం. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని ఆళ్లగడ్డ బస్సెక్కాను. గంట పైనే పడుతుంది. వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు.

రోడ్డు పక్కనే షెడ్డు. చెక్కేవాళ్లు నీడలో బీడీలు కాలుస్తున్నారు. విగ్రహాలు వరుసగా నిలబడి ఉన్నాయి. నగలు, వేళ్ల గోళ్లు కూడా తీర్చేశారు. మరి ఇంకేం మిగిలిందీ? దగ్గరికి వెళ్లి ముఖాలు చూశాను. ఒక్కదానికీ కంటిపాప లేదు.

కంప్యూటర్‌లో నమోదు చేసే ఎస్తేరు, "నూరు వేద్దామంటే మా ఆచారి వెయ్యనీడక్కా" అంది.

పెద్ద శిల్పి వీరాచారి టీ గ్లాసు కింద పెట్టాడు. "మొన్నటిదాకా చేసింది పార్కు బొమ్మలమ్మా, వాటికేముంది. ఇవి దేవుండ్లు. గుళ్లో ప్రతిష్ఠ నాడు కండ్లు తెరుస్తాం. కండ్లు తెరవందే అయిపోయిందని ఎట్ల వేస్తారు? మీ మిషన్‌కు ఓపిక లేకుంటే మేమేం జేస్తాం?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎస్తేరు కంప్యూటర్ ముందు కూర్చుని విగ్రహం పనిని రెండుగా విడగొట్టాను: చెక్కడం ఇక్కడ, కండ్లు తెరవడం గుడిలో, ప్రతిష్ఠ రోజున. "ఇప్పుడు చెక్కడానికి నూరు వెయ్యొచ్చా?" అని వీరాచారిని అడిగాను. తెర వంక చూసి, "ఏస్కో" అన్నాడు.

నడుస్తున్న ప్లానులో చెయ్యి పెట్టడమంటే నాకు చచ్చే భయం. అయినా చెక్కడానికి నూరు వేసి నొక్కాను. ఒక్కొక్క పేరే కొత్త రాయి ఎదురుగా వచ్చి చేరింది. ఎస్తేరు ఆ పేర్లు కేకేసి చదివింది. బీడీలు ఆరిపోయాయి, ఉలి చప్పుడు మొదలైంది. యజమానికి ఫోన్ చేస్తే, "రేపు పొద్దున గూడా ఇట్లే పంపితే ఉంచుకుంటా, సూద్దాం" అన్నాడు.

తిరుగు రైలు గాజులపల్లె దాటుతుండగా మేనేజరు ఫోన్ చేశాడు. "నూరు శాతం అయినట్టేనా? పైవాళ్లకు చెప్పేయనా?"

"తొంభై తొమ్మిది సార్" అన్నాను.

"ఆ ఒక్కటీ ఏమిటి?"

చెప్పబోయేంతలో సొరంగం వచ్చింది, సిగ్నల్ పోయింది. ఈసారి ఫోన్ తీసి సంచిలో పెట్టేశాను.