పెట్టెలో తెరుచుకున్న కళ్లు

మా మగ్దలేనమ్మ పెద్దమ్మకు ఒక్క కన్నే కనిపిస్తుంది. చిన్నప్పుడు మశూచి సోకి ఎడమ కంట్లో తెల్లటి పువ్వు పడింది. అయినా మందమర్రి పక్కన మా బొగ్గుబావుల కాలనీలో, మా సంఘం వాళ్లు ఎవరు పోయినా ఆఖరి ఫోటో తీసేది ఆమే. "ఫోటో తీసేటోళ్లంత ఒక కన్ను మూసుకుంటరు గద. నాకు ఆ తక్లీఫ్ గూడ లేదు" అంటుంది.

తెలియని వాళ్లకు ఆఖరి ఫోటో అంటే ఏమిటో చెప్పాలి. మా మెథడిస్టు కుటుంబాల్లో శవపెట్టె మీద మూత వేసే ముందు ఇంటివాళ్లంతా పెట్టె చుట్టూ నిలబడి ఒక ఫోటో దిగుతారు. దూరాన ఉండి రాలేకపోయిన చుట్టాల కోసం మా తాతల నాడు మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు చుట్టాలందరూ గంటలో వచ్చి వాలుతున్నారు గానీ పద్ధతి మాత్రం పోలేదు. మా కాలనీలో పెళ్లి ఫోటో లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి, పెట్టె ఫోటో లేని ఇల్లు లేదు.

మొదట్లో ఈ పని పెద్దమ్మ భర్తది. ఆయన పోయినప్పుడు ఆయన రీలు కెమెరాతోనే ఆయన ఫోటో తీసింది. అప్పటి నుంచి కెమెరా ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మనిషి, చావంటే జంకు లేదు. ముందు తడిగుడ్డతో శవం ముఖం తుడుస్తుంది, కళ్లు మూస్తుంది, దవడ కట్టు సరిచేస్తుంది. తర్వాత బతికున్న వాళ్ల మీద పడుతుంది. "జర ఇటు జరుగు. ఏడుపు మళ్ల ఏడ్వచ్చు, తల ఎత్తు" అని గదమాయిస్తుంది. ఆ గదమాయింపుకే చాలామందికి కాస్త ప్రాణం కుదుటపడుతుంది.

రీలు పోయి ఫోన్లు వచ్చాక ఆమె కొనుక్కున్నది ఒక పలచటి ఫోను. బైబిలు పెట్టుకునే జిప్పు సంచిలో, కీర్తనల పుస్తకం పక్కన సరిగ్గా దూరేంత సన్నటిది. నాది అలా కాదు. నా ఫోనుకు వెనక మూడు కెమెరా కళ్లు, వాటి చుట్టూ ఇంత ఎత్తున గూను. బల్ల మీద వెల్లకిలా పెడితే ఒక మూల లేచి ఊగుతుంది. చొక్కా జేబులో పెడితే జేబు వేలాడుతుంది. ఆమె సంచిలో పెట్టి చూస్తే జిప్పు పడలేదు.

"గీ గూనేందిరా అబ్రాం? ఎవలన్న పైసలిచ్చి గూను కొంటరా?" అని నన్ను ఆడిపోసుకునేది.

మంచిర్యాలలో నాకు ఫోను అమ్మినవాడు చెప్పిందే ఆమెకు చెప్పాను. కెమెరా కన్ను పెద్దదైతే వెలుతురు ఎక్కువ తాగుతుంది. కానీ పెద్ద కంటికి వెనక లోతు కావాలి, ఆ లోతు కోసమే గూను. ఫోను సన్నగా ఉండాలంటే కన్ను చిన్నది కావాలి. చిన్న కంటికి వెలుతురు చాలదు. చాలని చోట ఫోను తనకు తోచింది ఊహించి పూడ్చుకుంటుంది.

"ఊహించుకోనియ్యి, నాకేం నష్టం?" అంది పెద్దమ్మ. సంగతి అంతటితో తేలిపోయిందనుకున్నాం.

మొన్నటి వానాకాలంలో రూతమ్మ కొడుకు ప్రేమ్‌చంద్ కామెర్లతో పోయాడు. రూతమ్మ మా వరుసలో చివరి క్వార్టరు. భర్త లేడు. కొడుకు ఆటో నడిపేవాడు, కూతురు మహిమ బట్టల దుకాణంలో పని చేస్తుంది. ఆసుపత్రిలో ఇక లాభం లేదన్నాక రూతమ్మ వాణ్ణి ఇంటికి తెచ్చి, చెన్నూరు వైపు ఎవరో ఇస్తారంటే పసరు తెచ్చి తాగించింది. అప్పటికే వాడి కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నేను చూశాను. పసరు తాగిన రాత్రే ప్రాణం పోయింది.

పొద్దున ముసురు. ఇంటి ముందు తాడిపత్రి పట్టా కట్టి దాని కింద పెట్టె పెట్టారు. లోపల చీకటిగా ఉంది. పెద్దమ్మ వాడి కళ్లను తన వేళ్లతో మూసి, కాసేపు అలాగే పట్టుకుంది. అందరినీ నిలబెట్టింది, ఫోటో తీసింది, ఫోను సంచిలో వేసింది. వానలో ఆ ఒక్క కంటితో మళ్లీ చూసుకోలేదు. సమాధి అయ్యాక, ఎప్పటిలాగే, ఫోటోను చుట్టాలకు పంపమని ఫోను మహిమ చేతికిచ్చింది. ఆ పిల్ల ఏడుస్తూ చూడకుండానే అందరికీ పంపేసింది.

సాయంత్రం రూతమ్మ ఇంట్లోంచి కేక వినబడింది. పోయి చూస్తే ఆమె ఫోను రెండు చేతుల్లో పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. నేను వంగి చూశాను. ఫోటోలో చుట్టూ నిలబడ్డ వాళ్లంతా తలలు వంచుకుని ఉన్నారు. మధ్యలో పెట్టెలో ముక్కులో దూది, దవడకు కట్టు, ఛాతీ మీద చేతులు. ప్రేమ్‌చంద్ కళ్లు తెరుచుకుని ఉన్నాయి. సగం కాదు, పూర్తిగా. నేరుగా మమ్మల్నే చూస్తున్నాడు.

ఆ రోజు పెట్టె పట్టుకున్న నలుగురిలో నేనొకణ్ణి.

"తెల్లగున్నయి సూడు" అంది రూతమ్మ. గొంతు మామూలుగా ఉంది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "కామెర్లు దిగినయి. పసరు పనిచేసింది. నా కొడుకు లేచిండు అబ్రాం. లేచి సూస్తుంటె మీరు మూత ఏసిండ్రు."

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పచ్చని కళ్లు తెల్లబడితే కామెర్లు తగ్గినట్టే, అది మాకందరికీ తెలుసు.

పెద్దమ్మ వచ్చింది. ఫోను దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, మళ్లీ దగ్గర పెట్టుకుని చూసింది. "నేనే మూసిన. గీ యేళ్లతోని మూసిన" అని మాత్రం అంది. చేతివేళ్ల వైపు అలా చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాటి నుంచి రూతమ్మ అన్నం ముట్టలేదు. పొద్దున లేస్తే సమాధుల తోటకు పోయేది. కొత్త మట్టి మీద చెంప ఆనించి పడుకునేది. లోపల గీకుతున్న చప్పుడు వస్తోందని చెప్పేది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, సంఘం పెద్దలు నచ్చజెప్పారు, ఆమె అందరి మాటా విని మళ్లీ మట్టికి చెవి పెట్టేది. నిజం చెప్పొద్దూ, అటు పక్కగా పోయేటప్పుడు నేనూ ఒకటి రెండు సార్లు ఆగి విన్నాను. ఏమీ వినబడలేదు. వినబడలేదని తెలిసినా కాళ్లు అక్కడి నుంచి కదల్లేదు.

ఒక మధ్యాహ్నం మహిమ పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, మా అమ్మ గడ్డపార తీస్కపోయింది" అంది. మేం వెళ్లేసరికి రూతమ్మ శిలువ పీకి పక్కన పెట్టి, తలవైపు మట్టి పెకలిస్తోంది. అన్నం లేని ఒంట్లో అంత బలం ఎక్కడిదో. నేను పట్టుకోబోతే గడ్డపార నా మీదికి ఎత్తింది.

పెద్దమ్మ మాత్రం పోయి మట్టికుప్ప మీద కూర్చుంది. "రూతూ, ఆదివారం దాక ఆగు. నా ఫోను అబద్ధమాడిందని నీకు సూపెడ్త. సూపెట్టకపోతె నేనే వచ్చి నీ తోని తవ్వుత. పెట్టె మూత గూడ నేనే తీస్త."

రూతమ్మ ఆమె ముఖంలోకి చూసి గడ్డపార కింద పడేసింది. పెద్దమ్మ మాటంటే మాటే. చూపించలేకపోతే మట్టిలోంచి వాణ్ణి పైకి తీయక తప్పదు.

ఆదివారం ఆరాధన అయిపోయాక అందరం కుమారస్వామి దుకాణానికి పోయాం. కుమారస్వామి తలుపులు, మంచాలు చేసే వడ్రంగి. మా వాళ్లందరికీ పెట్టెలు చేసేది కూడా అతనే. పెద్దమ్మ అడిగింది విని రంపం ఆపేశాడు.

"బతికున్న మనిషిని పెట్టెల పండవెట్టుడా? నా దుకాన్ల అసొంటియి వద్దవ్వా. నాకు పిల్లలున్నరు."

"ఎట్లయినా నా పెట్టె నువ్వే చెయ్యాలె గద కుమారస్వామీ. కొలత సూసుకున్నట్టు గూడ ఉంటది" అంది పెద్దమ్మ. అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోడకు ఆనించిన పెట్టె దించి నేల మీద పెట్టి, తను బయట రోడ్డు మీద నిలబడ్డాడు.

పెద్దమ్మ తెల్లచీర కట్టుకునే వచ్చింది. ముక్కులో దూది తానే పెట్టుకుంది. దవడకు కట్టు మహిమ చేత కట్టించుకుంది. పెట్టెలో పడుకుని, ఛాతీ మీద చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుంది. ఎంతమంది శవాలను సర్దిన మనిషో, ఎలా పడుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రంపంపొట్టు వాసన, బయట మబ్బు. ఆమె ఛాతీ కదులుతోందా లేదా అని నేను వంగి చూశాను. కదలిక కనబడలేదు. పిలవాలనిపించింది, పిలవలేదు.

మహిమ ఆ సన్న ఫోనుతో ఫోటో తీసింది. చూశాం. పెద్దమ్మ కళ్లు మూసుకునే ఉన్నాయి.

రూతమ్మ లేచి నిలబడింది. "సూసిండ్రా? మూసుకుంటె మూసుకున్నట్టే వచ్చినయి. నా కొడుకు తెరిస్తె తెరిసినట్టే వచ్చినయి. ఇగ నడువుండ్రి" అంది.

పెట్టెలోంచి, దవడ కట్టు వల్ల ముద్దగా, పెద్దమ్మ గొంతు వచ్చింది. కళ్లు మాత్రం తెరవలేదు. "ఆ దినం పెట్టె సుట్టు మనుషులుండిరి. అట్లనే నిలవడుండ్రి."

అప్పుడు మహిమకు తట్టింది. మా బట్టల దుకాణంలో పండగలకు అందరం కలిసి ఫోటో దిగుతాం, ఎవరో ఒకరు రెప్ప వేస్తారు, అయినా ఫోటోలో మాత్రం అందరి కళ్లూ తెరుచుకునే ఉంటాయి అంది. గుంపులో కళ్లు మూసుకున్న ముఖం కనబడితే, పాపం రెప్ప వేశారనుకుని ఫోనే సరిచేస్తుందేమో అంది. అందరం పెట్టె చుట్టూ చేరాం. తలవైపు రూతమ్మను నిలబెట్టాం, ఆ రోజు ఆమె నిలబడ్డ చోటే. దుకాణం తలుపు సగం మూసి చీకటి చేశాం.

మహిమ ఫోటో తీసి చూసింది. ఫోను తల్లికి అందించి ముఖం తిప్పుకుంది.

నేను రూతమ్మ భుజం మీంచి చూశాను. పెట్టెలో తెల్లచీర, ముక్కులో దూది. పెద్దమ్మ రెండు కళ్లూ తెరిచి మమ్మల్ని చూస్తోంది. ఫోనులోంచి చూపు తీసి పెట్టెలోకి చూశాను. కళ్లు మూసుకునే ఉన్నాయి. మళ్లీ ఫోనులో తెరుచుకుని ఉన్నాయి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

రూతమ్మ వెనక్కి వేయలేదు. ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, ఫోటోలో పెద్దమ్మ ఎడమ కంటి మీద వేలు పెట్టింది.

"అక్కా, నీ కంట్ల పువ్వేది?"

పువ్వు లేదు. రెండు కళ్లూ నల్లగా, తెల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆడపిల్ల కళ్లలా ఉన్నాయి. ఆ కళ్లు మాలో ఎవరివీ కావు.

పెద్దమ్మ కళ్లు తెరిచి పెట్టెలో లేచి కూర్చుంది. రూతమ్మ ఫోటోనూ ఆ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. పువ్వున్న కన్ను, పువ్వు లేని కన్ను. ఆమె పెదవులు వంకరపోయాయి. "నీకు గూడ పసరు తాపిందా అక్కా గీ ఫోను? అందర్ని బాగుజేస్తదా గిది?" అని, పెట్టె అంచు పట్టుకుని కూలబడిపోయింది. కొడుకు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు ఆమె. పెద్దమ్మ పెట్టెలోంచే ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

ఏడుపు తగ్గాక నేను నా గూను ఫోను తీశాను. ఆ రోజు పెద్దమ్మ వెనక నిలబడి నేనూ ఒకటి తీశాను. బాగా రాలేదని ఎవరికీ చూపించలేదు, తర్వాత రెండు ఫోటోల్లో ఏది నిజమో నాకే తేలక బయట పెట్టలేదు. పెద్ద కంటితో వచ్చిన ఇబ్బంది అది. దేని మీద చూపు నిలిపితే అది ఒక్కటే తేటగా వస్తుంది, ముందూ వెనకా అంతా మంచు పట్టినట్టు అయిపోతుంది. నా ఫోటోలో ప్రేమ్‌చంద్ ముఖం ఒక్కటే ఉంది. మూసిన రెప్పలు, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. రెప్పల అంచున పసుపు. నుదుటి మీద ఒక వాన చుక్క.

రూతమ్మ ఫోను అందుకుని చూసింది. "మూసుకునే ఉన్నడు" అంది. "పచ్చగనే పోయిండు నా కొడుకు." తర్వాత అడిగింది, "నేనేడున్న గీ ఫోటోల?"

వాడి తలవైపు బూడిదరంగు మసకలా ఉన్నదాన్ని చూపించాను. ముఖం లేదు, చీర రంగు కూడా తెలియడం లేదు.

"అవ్, గంతే ఉంటి నేను ఆ దినం" అంది రూతమ్మ. ఆ ఫోటోనే కడిగించి ఇమ్మంది. మర్నాడు మహిమను వెంటబెట్టుకుని పోయి సమాధి మట్టి సరిచేసి, శిలువ మళ్లీ పాతి వచ్చింది.

ప్రేమ్‌చంద్ కళ్లు తెరిచిన ఫోటోను పెద్దమ్మ ఆ రోజే ఫోనులోంచి చెరిపేసింది. పెట్టెలో పడుకున్న తన ఫోటో మాత్రం చెరపలేదు. అప్పుడప్పుడు ఆరాధనలో అందరం కళ్లు మూసుకున్నప్పుడు ఆమె సంచి జిప్పు చప్పుడవుతుంది. ఒకసారి నేను కళ్లు తెరిచి చూశాను. ఆ సన్న ఫోనులో తన రెండు మంచి కళ్లను చూసుకుంటోంది. నన్ను చూసి దాచుకోలేదు.

"గీమె ఎవలో నాకు తెల్వది అబ్రాం" అంది మెల్లగా. "గని నేను ఎటు జరిగినా నన్నే సూస్తది." ఫోను సంచిలో వేసి జిప్పు లాగింది. "నేను పోయిన్నాడు నీ గూనుదాంతోనే తియ్యి. గీ సన్నదాన్ని దగ్గరికి రానియ్యకు. ఒంటికన్నుతోని బతికిన, ఒంటికన్నుతోనే పోత. ఎవలన్న నా కండ్లు తెరిస్తె ఒప్పుకోకు బిడ్డా."