గ్యాస్ అని చెప్పిన జబ్బు

మా ఆవిడకు డిప్రెషన్ అని డాక్టర్ చెప్పి చాలా కాలమైంది. ఊళ్లో మాత్రం గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను. చిట్టమూరు వైపు గ్యాస్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. తలా ఒక కషాయం చెప్పి పోతారు. ఆ కషాయాలన్నీ తాగింది, పాపం.

ఈమధ్య అన్నం కూడా మానేసింది. నెల్లూరులో చేర్చాల్సిందే అన్నారు డాక్టర్. ఇన్సూరెన్స్ రాకపోతే చేర్చే శక్తి మాకు లేదు. రొయ్యల గుంట గట్టు మీదికి పోయి, ప్రభుత్వంవారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. గుంటలో నీళ్లు చిలికే ఏరేటర్ల హోరులో నా గుట్టు రొయ్యలకు కూడా వినపడదని ధీమా.

"ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మనసు జబ్బుకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని చట్టం ఉంది సార్. మీ పాలసీలో షరతులు మాత్రం ఆసుపత్రి కౌంటర్లో ముందే కనుక్కోండి" అంది అవతలి అమ్మాయి.

ఇన్సూరెన్స్ కంపెనీ సంగతేమో గాని, అప్పటిదాకా కవర్ చేస్తూ వచ్చింది నేనే.

ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కౌంటర్ అమ్మాయి, "ఏ జబ్బుకి సార్?" అని అడిగింది.

వెనక్కి చూశాను. వరుసలో మా ఎదురింటామె. గొంతు తగ్గించి, "నరాలు..." అన్నాను.

"న్యూరాలజీనా? సరిగ్గా చెప్పండి సార్. జబ్బు పేరు తప్పుగా పోతే కంపెనీవాళ్లు ఒప్పుకోరు."

తల ఊపాను. అలసిపోయిన తల ఎటు ఊపినా అవుననే అనిపిస్తుంది.

బెంచీ మీదున్న మా ఆవిడ లేచి వచ్చింది. ఎవరూ లేపకుండా ఆమె లేవడం చూసి ఎన్నాళ్లయిందో.

"నరాలు కాదమ్మా, డిప్రెషన్. మానసిక వార్డు. అట్లే రాసుకో."

వెనకనుంచి ఎదురింటామె, "అదేంది వదినా, అన్న గ్యాస్ అన్నాడే?"

"గ్యాస్ మీ అన్నకి."

ఎదురింటామె నవ్వింది. నవ్వొచ్చో లేదో తెలియక మధ్యలో ఆపేసింది.

కంపెనీ జవాబు సాయంత్రానికి ఫోన్‌లోకి వచ్చింది.

"ఒప్పుకున్నారా?" బెంచీ మీద పక్కనున్న మా ఆవిడ అడిగింది.

"ఒప్పుకున్నారు."

"ఇంక లేవండి మరి. పైన వార్డుకు పోదాం" అంటూ లేచింది.

"ఉండు. ఎందుకో కాళ్లు రావడం లేదు."

ఆమె మళ్లీ నా పక్కన కూర్చుంది.

"నాకు రోజూ అట్లే ఉంటాది" అంది.