ఎంటర్ నొక్కే వేలు

వెర్లిన్ హాగ్‌స్టాడ్ గదిలో ఉండగా ఎంటర్ మీట ఇంకొకరు నొక్కడానికి వీల్లేదు. గదిలో లేకపోయినా వీల్లేదు, ఆయన వచ్చేదాకా ఆగాలి. మీరు ఎంత చదువుకున్నవారైనా, ఎంత చక్కగా టైపు చేసినా సరే, చివరి నొక్కు మాత్రం ఆయనదే. నేను అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో, ఆ కంప్యూటింగ్ సెంటర్లో బ్యాకప్‌లు చూసుకుంటూ ఆయన పక్క బల్ల దగ్గరే జుట్టు నెరిసేదాకా పనిచేశాను కనుక, ఇందులో అతిశయోక్తి లేదని చెప్పగలను.

మా దగ్గర వందల యంత్రాలు ఒకే ఫైల్ వ్యవస్థను పంచుకుంటాయి. దాని సెట్టింగ్ ఏది మార్చాలన్నా బొమ్మలు ఉండవు, మౌసు ఉండదు. నల్లటి తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ నొక్కాలి. ఏ యంత్రానికి ఆ మార్పో పేరు రాస్తే దానికొక్కదానికే వర్తిస్తుంది. పేరు రాయడం మరిచిపోతే అన్నిటికీ వర్తిస్తుంది. "నిజంగానే అంటున్నావా?" అని అది అడగదు.

అందుకని వెర్లిన్ ఆ నొక్కుడును చర్చిలో ప్రార్థనంత గంభీరంగా జరిపించేవాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టేవాడు. చూపుడువేలు ప్యాంటుకు తుడుచుకునేవాడు. తెర మీది వరుసను అక్షరం వదలకుండా పైకి చదివి, కిటికీలోంచి సరస్సు వైపు కాసేపు చూసి, అప్పుడు నొక్కేవాడు. సరస్సు మీద మంచు కదులుతున్న రోజుల్లో ఆ చూపు ఇంకాస్త సాగేది. ఆ లోపు మేం కాఫీ కలుపుకుని వచ్చేవాళ్ళం.

ఒకసారి ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్తే, టైపు చేసి పెట్టిన వరుస పొద్దుటినుంచీ మధ్యాహ్నందాకా తెర మీద అలాగే మినుకుమినుకుమంటూ కూర్చుంది. మూతి మొద్దుబారిపోయి వచ్చాడు. టోపీ తీశాడు, వేలు తుడిచాడు, చదివాడు. ఆ చదివింది ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అయినా అందరం లేచి నిలబడ్డాం.

మా సెంటర్లో ఒక ఆచారం ఉంది. యంత్రాలు ఆగిపోతే పరిశోధకులందరికీ క్షమాపణ ఉత్తరం వెళ్ళాలి. మార్పు చెప్పినవాడు కాదు, టైపు చేసినవాడూ కాదు, ఎంటర్ నొక్కినవాడు ఆ ఉత్తరం కింద పేరు పెట్టాలి. ఆ గదిలో అందరం ఒకే పేరుతో యంత్రంలోకి లాగిన్ అవుతాం కనుక నొక్కింది ఎవరో యంత్రానికి తెలియదు, మనిషే ఒప్పుకోవాలి. నేనున్నన్నాళ్ళూ అలా వెళ్ళిన ఉత్తరాలన్నిటి కిందా వెర్లిన్ పేరే. ఊళ్ళో ఉన్న శాస్త్రజ్ఞులందరి లెక్కలోనూ మా అందరిలోకీ చేతకానివాడు ఆయనే. "ఆ హాగ్‌స్టాడ్‌ని ఇంకా ఎందుకు ఉంచుకున్నారు?" అని నన్నే అడిగినవాళ్ళున్నారు.

ఆ ఏడు కొరీన్ బెలాంజర్ కొత్తగా చేరింది. దగ్గర్లోని క్లోకే ఊళ్ళో కాగితం మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక నలభై దాటిన వయసులో మళ్ళీ చదువుకుని వచ్చిన మనిషి. ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం కావాలి. సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ క్రెయిగ్ నీమీ అందరినీ కూర్చోబెట్టి, నిధులు కోసేశారని, ఈ నెల ఎవరి చేతిమీద యంత్రాలు ఆగినా వాళ్ళను తను కాపాడలేనని చెప్పాడు. చెప్పేటప్పుడు ఎవరి వైపూ చూడలేదు. కొరీన్ మాత్రం పెన్సిల్ కింద పెట్టేసింది.

ఒక మంగళవారం వెర్లిన్ సూప్ తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళాడు. పరీక్షల కోసం విడిగా ఉంచిన పెద్ద యంత్రం ఫైళ్ళు నెమ్మదిగా చదువుతోందని ఒక పరిశోధకుడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఫైళ్ళ కోసం దానికి ఇంకాస్త మెమరీ కేటాయించాలి, అంతే. కొరీన్ వరుస టైపు చేసి వెర్లిన్ కోసం ఎదురు చూసింది. ఫోన్ మళ్ళీ మోగింది. విసుగొచ్చి తనే నొక్కేసింది. యంత్రం పేరు రాయడం మరిచిపోయింది.

గోడ మీది పచ్చదీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. పెద్ద యంత్రానికి సరిపోయే కేటాయింపు చిన్నవాటన్నిటికీ వెళ్ళేసరికి, అవి చేస్తున్న లెక్కలను మధ్యలోనే ఉమ్మేశాయి. కొరీన్ కుర్చీలో కొయ్యబారిపోయింది. అప్పుడే సూప్ గిన్నెతో వెర్లిన్ వచ్చాడు. తెర చూశాడు. గిన్నె ఆమె చేతికిచ్చి, ఆమెను లేపి ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. పాత విలువ టైపు చేసి, టోపీ తీసి, చదివి నొక్కాడు. ఆ రోజు సరస్సు వైపు చూడలేదు.

నీమీ వగరుస్తూ వచ్చాడు. "ఎవరు నొక్కారు?"

కొరీన్ నోరు తెరిచింది. వెర్లిన్ కుర్చీ తిప్పి మెల్లగా అడిగాడు.

"ఈ గదిలో ఎంటర్ ఎవరు నొక్కుతారు, క్రెయిగ్?"

ఆయన అబద్ధమాడే మనిషి కాడు. ఆడనూ లేదు, ప్రశ్న అడిగాడంతే. నీమీ ఆ టోపీ వంక చూసి, తల పట్టుకుని, ఇక జవాబెందుకన్నట్టు వెళ్ళిపోయాడు. ఎన్నేళ్ళుగానో ఉన్నవాడు కనుక వెర్లిన్‌కు ఉద్యోగం మిగిలింది కానీ, మర్నాటికి విభాగం పెద్దరికం పోయింది, కీబోర్డు ముట్టుకోకూడదన్న నిషేధం వచ్చింది. ఉత్తరం మామూలుగానే వెర్లిన్ పేరుతో వెళ్ళింది.

ఆ మంగళవారం నీమీ అలా వెళ్ళగానే, తనూ వెళ్ళి నిజం చెప్పేస్తానని కొరీన్ పట్టుబట్టింది. మెట్ల దగ్గర వెర్లిన్ ఆమెను ఆపిన మాట నేను విన్నాను.

"నీకున్నది ఉద్యోగం. నాకున్నది తిక్క. తిక్కను ఉద్యోగంలోంచి తీసెయ్యడం వాళ్ళ వల్ల కాదు. వెళ్ళి పని చూసుకో."

ఇన్నేళ్ళూ ఆయన ఎంటర్ మీటను మా దగ్గర్నుంచి లాక్కున్నాడని నవ్వుకున్నాం. లాక్కున్నది మా తప్పులని అప్పుడు తెలిసింది. ఆయన మాత్రం సూప్ చల్లారిందని సణిగాడు.

నెలాఖరుకు కొరీన్ ఉద్యోగం ఖాయమైంది. ఆ వారమే మంచు అంచనాలు వేసేవాళ్ళ కోసం ఒక సెట్టింగ్ మార్చాల్సి వచ్చింది. ఆమె యంత్రం పేరుతో సహా టైపు చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెర్లిన్ నొక్కాల్సిందే కానీ తను నొక్కనంది. మేమూ నొక్కమన్నాం. కబురు పైకి వెళ్ళింది. నీమీ మండిపడుతూ దిగొచ్చి, "మీ పిచ్చి మీకే ఉండనీ," అంటూ టపీమని తనే నొక్కాడు.

వెర్లిన్ జేబుల్లోంచి చేతులు కూడా తియ్యకుండా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏం రాసుందో చదివావా, క్రెయిగ్?"

నీమీ ముఖంలో రక్తం లేదు. "ఏం రాసుంది?"

"ఏం పర్లేదు. ఉత్తరం ఎలా రాయాలో నేను చెప్తాలే. నాకు అలవాటేగా."

దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. వరుసలో యంత్రం పేరు ఉందని, ఏమీ కాదని మా అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. నీమీ అవి ఎప్పుడు ఎర్రబడతాయోనని సాయంత్రందాకా ఆ గోడ ముందే నిలబడి, వెళ్తూ వెళ్తూ నిషేధం ఎత్తేశాడు.