బొమ్మలో చుక్కలు మొదలైన చోటు

ఆ ఆదివారం సాయంత్రం నేను మేడ మీద వాటా ఫ్యూజు పీకాను. దాని మీద ఒక మనిషి ఊపిరి నడుస్తోందని నాకు తెలియదు. తెలియక చేసినది తప్పెలా అవుతుందని కొంతసేపు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట అనను. నేను అడగలేదు, చెప్పినప్పుడు వినలేదు. అందుకే తెలియలేదు.

మేం అరసవల్లిలో ఉంటాం, కింద వాటాలో. ఎచ్చెర్ల వైపు ఒక కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసుకోవడం నా ఉద్యోగం. పై వాటాలో భార్యాభర్తలిద్దరే. ఆయన ముప్ఫై ఏళ్లు విజయనగరం వైపు జూట్ మిల్లులో పనిచేసి, ఆ నార దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆవిడ గుడి దారిలో పూలు, కొబ్బరికాయలు అమ్ముతుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని బావా అని, ఆవిణ్ణి మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలవడం మొదటి నుంచీ అలవాటైంది.

నాకున్న పిచ్చి షార్ట్‌వేవ్ రేడియో. పాటల కోసమో, వార్తల కోసమో కాదు. కొన్ని దూరదేశపు స్టేషన్లు అప్పుడప్పుడు మాటలకు బదులు కూతలు పంపుతాయి. వినేవాళ్లకి తుప్పు పట్టిన గేటును ఎవరో ఆపకుండా ఊపుతున్నట్టుంటుంది. రేడియో నుంచి ఒక వైరు తీసి ల్యాప్‌టాప్‌కి పెడితే, అందులోని ప్రోగ్రాం ఆ కూతల్ని అక్షరాలుగా మారుస్తుంది. నడుమ నడుమ బొమ్మలు కూడా వస్తాయి. పైనుంచి కిందకి, ఒక్కొక్క గీతే, చాప అల్లినట్టు. అరచేయంత బొమ్మ రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. దగ్గర్లో ఏ నాసిరకం చార్జరో రొద చేస్తే అక్షరాలు తారుమారవుతాయి, బొమ్మ మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు పడతాయి.

ఫోనులో ఇట్టే వచ్చేదానికి ఇంత అవస్థ ఎందుకని అందరూ అడుగుతారు. బావ అయితే మెట్ల మీద కనబడినప్పుడల్లా, "ఏటి బావా, ఆ దొర ఈయేల ఏటన్నాడు?" అనేవాడు. "వాన పడతాదన్నాడు" అని నేనేదో అనేవాణ్ణి. "మన దగ్గిరేటి, ఆడి దగ్గిరేటి?" అని నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగేది.

ఆ ఆదివారానికి నెల ముందు మా మధ్య మాటలు ఆగిపోయాయి. డాబా మీద నేను కట్టుకున్న ఏరియల్ తీగ మీద అప్ప తడి చీరలు ఆరేసింది. బరువుకి తీగ తెగింది. నేను మెట్ల మీద నిలబడి వీధంతా వినబడేలా అరిచాను.

"తీగంటే బట్టలారేసుకోడానికి కాదేటి? నీ తీగ మీద దేవుడు కూకుంటాడేటి?" అంది ఆవిడ.

"నీలాంటోళ్లకి సెప్పినా బుర్రకెక్కదు" అన్నాను. నోరు జారానని అప్పుడే తెలిసింది. దిద్దుకోలేదు. తెగిన తీగ మళ్లీ కట్టుకున్నాను కానీ, ఆ రోజు నుంచి ఆవిడ నా మొహం చూడలేదు. బావ మెట్లు దిగేటప్పుడు నేను తలుపు దగ్గరకి వేసుకునేవాణ్ణి.

తరవాత బావకి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. ఒక శుక్రవారం ఆటోలో ఇంటికి తీసుకొచ్చారు. ఆటో ఆగిన చప్పుడు విన్నాను, కిటికీలోంచి చూశాను. మా వైపు ఎవరైనా ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే ఇరుగుపొరుగు వెళ్లి పలకరించడం రివాజు. రెండు బత్తాయిలు పట్టుకెళ్లి, మంచం పక్కన పది నిమిషాలు కూర్చుని, ఎలా ఉందని అడిగి రావడం. పగవాళ్లయినా ఆ పూటకి వెళ్తారు. నేను వెళ్లలేదు. మా ఆవిడ వెళ్లింది. వచ్చి నాతో ఏదో చెప్పింది. నా చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. "ఊఁ" అన్నాను.

ఆ సాయంత్రం నుంచే రేడియోలో కొత్త రొద మొదలైంది. బర్రుమని, ఎడతెగకుండా. మా ఇంట్లో మెయిన్ ఆపి, బ్యాటరీ మీద రేడియో పెట్టి చూశాను. తగ్గలేదు. చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మెట్లెక్కుతుంటే రొద పెరిగింది. సగం మెట్ల దాకా వెళ్లి ఆగాను. ఇంకో ఎనిమిది మెట్లెక్కి తలుపు కొట్టి, "అప్పా, మీ ఇంట్లో కొత్తగా ఏం పెట్టారు?" అని అడిగితే సరిపోయేది. మాటలు లేవు కదా. వెనక్కి దిగిపోయాను.

ఆదివారం నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. ఒక దూరదేశపు స్టేషను వారం వారం ఇలాంటి అక్షరాలు, బొమ్మలు పంపుతుంది. ఆ వారం శ్రోతలు పంపిన ఫొటోలు వేస్తామంది. నాది కూడా ఎంచుకున్నామని మెయిలు వచ్చింది. మా డాబా ఫొటో అది. పైన ఆకాశం, దాని కింద నా తీగ, తీగ మీద వరసగా కాకులు, ఆ కింద పిట్టగోడ, అన్నిటికన్నా కింద ఆరేసిన బట్టలు. ఆ బొమ్మ అంత దూరం వెళ్లి, గాలిలో మళ్లీ మా డాబాకే తిరిగొస్తుందనుకుంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. యాభై దాటిన మనిషినని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

సాయంత్రం ఐదున్నరకి కార్యక్రమం మొదలైంది. మా ఆవిడ బజారుకి వెళ్లింది. రొద తగ్గలేదు. తెర మీద అక్షరాలు పడుతున్నాయి కానీ ఒక్క మాటా మాటలా లేదు. ఐదు నిమిషాలు చూశాను. ఆదివారం కదా, గుడి దగ్గర జనం ఎక్కువ, అప్ప కొట్లో ఉంటుంది, బావ కూడా పక్కనే కూర్చుని ఉంటాడు, ఎవరూ లేని ఇంట్లో ఏ దిక్కుమాలిన చార్జరో వదిలేసి పోయారు అనుకున్నాను. రెండు రోజుల క్రితం ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి కొట్లో ఎందుకు కూర్చుంటాడన్న ఆలోచన నాకు రాలేదు. రానివ్వలేదు.

మెట్ల కింద మీటర్లున్న చోటికి వెళ్లాను. మా ఫ్యూజు పక్కనే పై వాటా ఫ్యూజు, తెల్లటి పింగాణీది. పట్టుకుని లాగాను. జేబులో వేసుకుని లోపలికొచ్చాను. రొద తెగిపోయింది. తెర మీద అక్షరాలు కడిగినట్టు తేటగా పడటం మొదలైంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం దాచను. చాలా సంతోషించాను.

పైన ఏదో సన్నగా కీమంటూ ఆగి ఆగి మోగింది. హెడ్‌ఫోన్లు ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. కాసేపటికి సీలింగు మీద అటూ ఇటూ అడుగులు. ఇంట్లో మనుషులున్నారని అప్పుడు తెలిసింది. లేవలేదు. కరెంటు పోయిందనుకుంటారు, ఇంకో పది నిమిషాలు ఉక్కపోతే ఏమైపోతారులే అనుకున్నాను.

నా బొమ్మ మొదలైంది. ఆకాశం గీత గీతగా దిగుతోంది. తీగ వచ్చింది. మొదటి కాకి తల, రెండో కాకి తల. అప్పుడు తలుపు మీద చప్పుడైంది. అరచేత్తో కొడుతున్న చప్పుడు. హెడ్‌ఫోన్లలోంచి కూడా వినబడింది.

నేను లేవలేదు. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. కాకుల కాళ్లు వచ్చాయి. పిట్టగోడ అంచు వచ్చింది. తలుపు మీద చప్పుడు ఆగలేదు. గోడ సగం దాకా వచ్చాక లేచాను.

గుమ్మంలో అప్ప. జుట్టు ముడి వీడిపోయి ఉంది. మొహమంతా చెమట. నన్ను దాటి ఆవిడ చూపు హాల్లో తిరుగుతున్న ఫ్యాను మీద పడింది.

"మీకున్నాది కరెంటు! మాకే పోనాది. ఫ్యూజు కాలిపోయినట్టున్నాది. బేగి సూడు తమ్ముడా, మిషను ఆగిపోనాది, మీ బావకి గాలాడ్డం లేదు!"

"మిషనేటి?"

"గాలి మిషను! ఆక్సిజను! అద్దెకి తెచ్చినాం. సిలిండరు రేపు తెత్తామన్నారు. బేగి రా తమ్ముడా!"

నా చెయ్యి దానంతటదే జేబు మీదకి వెళ్లింది. పింగాణీ ముక్క చల్లగా తగిలింది. దాన్ని బయటికి తీస్తే ఆవిడ చూస్తుంది. ఆ స్థితిలో కూడా నాకు ముందు తట్టింది అదే. "నువ్వు పైకెల్లప్పా, బావ దగ్గరుండు. నాను సూత్తాను" అన్నాను. ఆవిడ మెట్ల మీద పరిగెత్తింది. నేను మీటరు దగ్గరికి పరిగెత్తి ఫ్యూజు పెట్టబోతే రెండుసార్లు గాడి తప్పింది. మూడోసారి కూర్చుంది. పైన మిషను పెద్దగా ఒక కూత పెట్టి, గురగురమని అందుకుంది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. బావ మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊతపెట్టి కూర్చున్నాడు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. మెడ దగ్గర నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. ముక్కులో గొట్టం. నోరు తెరిచి ఉంది కానీ లోపలికి ఏమీ వెళ్తున్నట్టు లేదు. అప్ప వీపు రాస్తూ, "పీల్సు, పీల్సు, వచ్చేసినాది, పీల్సు" అంటోంది. ఆయన వేలికి పెట్టిన, ఒంట్లో ఆక్సిజను ఎంతో చూపే క్లిప్పులో అంకె కదలడం లేదు. నేను ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాను. అది ఒకటి పెరిగింది. ఆగింది. ఇంకొకటి పెరిగింది. జీవితంలో ఏ తెర వైపూ అలా చూడలేదు.

చాలాసేపటికి ఆయన తల ఎత్తాడు. నన్ను చూశాడు. మాట పూర్తి కావడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. "రేడియో బావా... ఇన్నాళ్లకి... పనికొచ్చినావురా."

అప్ప ఏడుస్తూ నవ్వింది. "కరెంటోడొత్తాడనీసి, మిషను కొట్టోడికి ఫోను సేసుకుంటా కూకున్నాను. నీ గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాను గదా, అందుకే ముందు నీ దగ్గిరికి రాలేదు. నువ్వున్నావు గనక సరిపోనాది తమ్ముడా" అంది. స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. తాగాను. అది కూడా రాయాలి. ఆ టీ తాగాను.

కిందకి దిగేసరికి మా ఆవిడ సంచితో వచ్చింది. "పైన ఏటి సేత్తన్నావు?" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను, జేబులో ఫ్యూజుతో సహా.

ఆమె సంచి కింద పెట్టింది. "శుక్రారమే సెప్పాను గదా మావా. గాలి మిషను పెట్టారు, రాత్రీ పగలూ తిరగాలట, నువ్వొకసారి ఎల్లి పలకరించు అనీసి. ఊఁ అన్నావు."

"ఆల్లకి తెలీదు కదా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గే.

"తెలీదనే గదా టీ ఇచ్చినాది" అంది ఆమె. "నాకు సెప్పి ఏటి లాభం? పైకెల్లి సెప్పు."

ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. నేను లేచి వెళ్లినా బొమ్మ దానంతటది పూర్తయింది. ఆకాశం, తీగ, కాకులు, గోడ సగం దాకా, అద్దంలా ఉన్నాయి. గోడ అడుగు నుంచి చుక్కలు. బట్టలైతే చుక్కల్లో మునిగిపోయాయి. దాని ముందు కూర్చుని లెక్క కట్టాను. కాకుల తలల దగ్గర తలుపు చప్పుడు. గోడ సగం దగ్గర నేను లేచాను. అడుగున చుక్కలు మొదలైన చోట బావకి మళ్లీ గాలి అందింది. బొమ్మలో తేటగా ఉన్న ప్రతి గీతా ఆయన ఊపిరి అందక గడిపిన కాలమే.

ల్యాప్‌టాప్ అలాగే పట్టుకుని పైకి వెళ్లాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "అప్పా, ఫ్యూజు కాలిపోలేదు. నానే పీకాను" అన్నాను. బొమ్మ చూపించి, వేలు పెట్టి, ఇక్కడ నువ్వు తలుపు కొట్టావు, ఇక్కడిదాకా నేను లేవలేదు, అని చెప్పాను.

అప్ప నేను తాగిన గ్లాసు తీసి గట్టు మీద పెట్టింది. "ఈ కాకుల కోసమేటి?" అంది. తరవాత, "లెగు. ఎల్లు" అంది.

లేచాను. వెనక నుంచి బావ గొంతు వినబడింది. "ఆ బొమ్మ... ఇటు సూపించు." ఆయన చాలాసేపు చూశాడు. చుక్కల మీద వేలు పెట్టి, "ఈ గలాటా... నా మిషనేటి?" అన్నాడు. అవునన్నాను. "మరైతే... దొరకి నా గొంతు... ఇనబడినాదా?" అన్నాడు. "లేదు బావా, ఆ రొద మన డాబా దాటదు" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

మర్నాడు సెలవు పెట్టాను. మా హాల్లోని ఇన్వర్టరు, దాని బ్యాటరీ విప్పాను. కరెంటు పోతే మా ఫ్యానులు తిరగడానికి కొన్నది. మిషను ఎంత కరెంటు లాగుతుందో చూసి, నాలుగైదు గంటలు ఆగకుండా నడుస్తుందని లెక్క వేసుకుని, మా ఆవిడ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని బ్యాటరీని మెట్లెక్కించాం. ప్రతి మెట్టు మీదా ఆగాం. ఇన్వర్టరు వల్ల రేడియోలో ఇంకో రొద చేరుతుందని నాకు తెలుసు. మీటర్ల దగ్గర పై వాటా ఫ్యూజు మీద ఎర్ర రంగుతో పెద్ద గీత గీశాను. ఏరియల్ తీగ విప్పి చుట్టాను. దాని జాగాలో రెండు మేకులు కొట్టి, బట్టలకి ప్లాస్టిక్ తాడు బిగించాను.

అప్ప గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. బ్యాటరీ కిటికీ మూలన దించబోతుంటే అప్పుడు అంది.

"అక్కడొద్దు. వాన జల్లు పడతాది. ఇటు, మంచం కాళ్ల దగ్గిర ఎట్టు."

ఆవిడ చెప్పిన చోట పెట్టాను.